ఇరవై ఏడుగురు ఎక్కడ?

ఇర్వింగ్, టెక్సస్
ఫిబ్రవరి 9, 2025

మనీషాకు,

కవర్ మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని కంగారుపడకు. పోయింది నా పరువొక్కటే, అదీ కిందటి సెప్టెంబర్‌లోనే పోయింది. "నా ఉద్యోగం పోయిందే" అని నువ్వు వాట్సాప్‌లో పెడితే, మీటింగ్‌లో ఉన్న నేను చదవకుండానే బొటనవేలు బొమ్మ నొక్కాను. అప్పటినుంచీ నువ్వు మాట్లాడటం లేదు. నేనైనా మాట్లాడేదాన్ని కాదు. ఫోన్‌లోనే క్షమాపణ పంపితే ఈసారి ఏ బొమ్మ నొక్కుతానో అని భయమేసి స్టాంపులు కొన్నాను. క్షమించు.

వరంగల్ హాస్టల్లో నాలుగేళ్ళు నీ గదిలో ఉన్న విద్య ఏమీ మారలేదు. తెలియని ప్రశ్నకు తెలిసినట్టు తలూపే అలవాటు వల్ల అప్పుడు వైవాలో మార్కులొచ్చాయి, ఇప్పుడు ప్రాజెక్ట్ వచ్చింది. వాషింగ్టన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ దేశదేశాల చట్టసభల గురించి మామూలు మనుషులకు అర్థమయ్యే వెబ్‌సైట్ కట్టించుకుంటోంది. సభ్యులెవరు, ఎలా ఎన్నికయ్యారు, ఏ బిల్లు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ అందులో ఉండాలి. మొదటి దేశం రువాండా. మా మేనేజర్ రాజ్ ఇక్కడే పుట్టిన తెలుగువాడు. నన్ను "విడియా" అంటాడు. "విడియా, ఇండియాలో పార్లమెంట్ ఉంది కదా, నీకు ఇదంతా తెలుసుగా" అన్నాడు. తలూపాను. లీడ్‌ని చేశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి రువాండాను మ్యాప్‌లో వెతికాను. రెండో ప్రయత్నంలో దొరికింది. మొదటిసారి ఆఫ్రికాకు అటువైపు సముద్రం పక్కన వెతికాను, దానికి సముద్రమే లేదు.

టీమ్‌లో కోటేశ్వరరావు గారని, మేం కట్టినదాంట్లో తప్పులు పట్టే టెస్టర్ ఉన్నారు. యాభై ఆరేళ్ళు, కాంట్రాక్ట్ మీద వచ్చారు, గ్రీన్ కార్డ్ లైన్‌లో పద్నాలుగేళ్ళుగా నిలబడి ఉన్నారు. ఆయన రువాండా రాజ్యాంగం మొత్తం ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించుకున్నారు. మేం నవ్వుకుంటున్నాం. ఆయనకు "స్పీకర్ గారు" అని పేరు పెట్టింది నేనే.

జవాబు రాయకపోయినా పర్లేదు. రాస్తే మాత్రం తిట్టే రాయి, నాకు ఊరటగా ఉంటుంది.

నీ
విద్య


శాంటా క్లారా, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 20

ఒసేయ్ విద్యా,

శశికాంత్ పోస్ట్‌బాక్స్‌లోంచి నీ కవర్ తెచ్చి, "నీకేదో లెటర్ వచ్చింది, ఐఆర్ఎస్ వాళ్ళేమో చూడు" అన్నాడు. పెళ్ళయి పదేళ్ళయినా మా ఆయనకు నా పేరు మీద ఉత్తరం వస్తే పన్నులవాళ్ళే గుర్తొస్తారు.

తిట్టమన్నావు కాబట్టి తిట్టను. అదే నీకు శిక్ష. ఉద్యోగం ఇంకా దొరకలేదు. నాది శశి వీసా మీద వచ్చిన వర్క్ పర్మిట్ కాబట్టి ఉద్యోగం పోయినా దేశం విడిచిపోవాల్సిన పని లేదు, అంతే తేడా. పొద్దున ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి, నన్ను కాదన్న కంపెనీల పేర్లు చదువుకుంటూ టీ తాగుతా.

ఆ రువాండా సంగతి నిజంగా చెప్పు. అక్కడి సభలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువని ఎక్కడో విన్నా. ఎట్ల సాధ్యమైంది? నువ్వు తలూపకుండా, చదివి చెప్పు.

ఇంకొకటి. ఆ పెద్దాయనను చూసి నవ్వకండే. మొత్తం చదివే మనిషి ఆఫీసుకు ఒక్కడైనా ఉండాలె.

మనీషా


ఇర్వింగ్
మార్చి 16

మనీషా,

చదివాను. నిజంగానే చదివాను, కానీ ఒక పదిరోజులు ఆలస్యంగా. దానివల్ల ఏమైందో చివర్లో తెలుస్తుంది.

వాళ్ళ దిగువసభలో ఎనభై మంది. అందులో యాభై ముగ్గుర్ని దేశమంతా ఓటేసి ఎన్నుకుంటుంది. మనలాగా ఒంగోలుకొక ఎంపీ, కరీంనగర్‌కొక ఎంపీ అని ఉండదు. పార్టీలు జాబితాలిస్తాయి, దేశం మొత్తం ఒకటే నియోజకవర్గం, వచ్చిన ఓట్లను బట్టి సీట్లు పంచుతారు. ఇరవై నాలుగు సీట్లు ఆడవాళ్ళవే. వాళ్ళను ఆయా ప్రాంతాల స్థానిక కౌన్సిళ్ళ వాళ్ళు ఎన్నుకుంటారు. యువజన మండలి ఇద్దర్ని పంపుతుంది. వికలాంగుల సంఘాలన్నీ కలిసి ఒక్కర్ని పంపుతాయి. యాభై మూడు, ఇరవై నాలుగు, రెండు, ఒకటి. పార్టీ జాబితాల్లో గెలిచే ఆడవాళ్ళు కూడా ఉంటారు కనుక ఎనభైలో యాభై ఒక్కమంది స్త్రీలయ్యారు. నీ ప్రశ్నకు జవాబు అదే.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. సభ్యుల వివరాలు నింపే ఫామ్ డిజైన్ చేసింది నేను. మొదట "నియోజకవర్గం" అనే గడి తప్పనిసరి చేశాను. నియోజకవర్గం లేని ఎంపీ ఉంటాడని నా ఒంగోలు బుర్రకు తోచలేదు. ఒక్క పేరూ ఎక్కలేదు. అప్పుడు తెలివిగా దాన్ని తీసేసి "పార్టీ జాబితా" అనే గడి తప్పనిసరి చేశాను. పేర్లు చకచకా ఎక్కాయి. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

గురువారం డెమో. ఆ సంస్థ తరఫున మదామ్ క్లెమాంటీన్ వచ్చారు. ఆవిడ రువాండా రాజధాని కిగాలీలో ఆ సభలోనే ఒక కమిటీకి గుమాస్తాగా పదకొండేళ్ళు పనిచేసి, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నారు. బెల్ట్‌లైన్ రోడ్ నుంచి సమోసాలు తెప్పించాను. పైన కరకర, లోపల బఠాణీ కూడా మెత్తగా, చట్నీ రెండు రకాలు. ఆవిడ ఒకటి తిని, ఇంకోటి తీసుకున్నారు. ఇంక ఈ రోజు మనదే అనుకున్నాను.

స్క్రీన్ మీద అర్ధచంద్రాకారంలో సభ వచ్చింది. ఒక్కో చుక్క ఒక్కో సభ్యుడు. ఆవిడ సమోసా ప్లేట్‌లో పెట్టేసి లేచి, స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"యాభై మూడు," అన్నారు. "మిగతా ఇరవై ఏడుగురు ఎక్కడ?"

నేను "డేటా ఇంకా లోడ్ అవుతోందేమో" అన్నాను. లోడ్ అవడానికి అక్కడేం లేదు. పార్టీ జాబితా లేని పేర్లను నా ఫామ్ తలుపు దగ్గరే ఆపి, చెప్పకుండా చెత్తబుట్టలో వేసింది. కింద "సభలో స్త్రీలు" అనే గ్రాఫ్ సగం దగ్గరే తచ్చాడుతోంది. ఆవిడ దాన్ని కూడా చూశారు.

"ఆ ఇరవై నలుగురు ఆడవాళ్ళను ఎన్నుకోవడానికి కొండ దారుల్లో నడిచి వచ్చి ఓటేసే కౌన్సిలర్లు నాకు తెలుసు," అన్నారు మెల్లగా. "వికలాంగులకు ఉన్నది ఒక్క కుర్చీ. మీరు దాన్ని కూడా తీసేశారు."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ పర్స్ తీసుకుని, మరోసారి వస్తానని వెళ్ళిపోయారు. తర్వాత రాజ్ మాతో విడిగా మాట్లాడాడు. ఏదో సర్దుకుంది. ఫామ్ సరిచేస్తున్నాం.

సమోసాలు మిగిలిపోయాయి. మూడు నేనే తిన్నాను.

విద్య


శాంటా క్లారా
మార్చి 25

విద్యా,

సమోసా లోపల బఠాణీ మెత్తగా ఉందని కూడా రాశావు. మేనేజర్ విడిగా పిలిచి ఏమన్నాడో మాత్రం "ఏదో సర్దుకుంది" అని రెండు మాటల్లో తేల్చేశావు. నీతో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నానే. నువ్వు పొట్టిగా మాట్లాడితే అక్కడ ఏదో దాచినట్టు.

ఎవరి మీద సర్దావ్?

ఇంకొకటి. ఆ పెద్దాయన అంత చదివినవాడు, ఇరవై ఏడుగురు తక్కువున్నారని డెమో దాకా గమనించలేదా? ఈ ఉత్తరంలో ఆయన పేరే లేదు.

మనీషా


ఇర్వింగ్
ఏప్రిల్ 6

మనీషా,

నీ ప్రశ్న అందింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. హైవే మీద కార్లు పడవల్లా వెళ్తున్నాయి.

రువాండా సభలో బిల్లు వస్తే ముందుగా అసలు దీని మీద చర్చ అవసరమా అని ఓటేస్తారట. అవసరమని తేలితే కమిటీకి పంపుతారు. కమిటీ ఒక్కొక్క అధికరణం చదువుకుంటూ వస్తుంది, తర్వాత సభ కూడా అలాగే ఒక్కొక్కటీ చూసి ఓటేస్తుంది. చట్టాన్ని కిన్యర్వాండా, ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషల్లో పక్కపక్కనే అచ్చువేస్తారు. మంత్రులు సభ్యులుగా ఉండటానికి వీల్లేదు. వచ్చి జవాబు చెప్పాలి, ఓటు మాత్రం లేదు. నాకిది బాగా నచ్చింది.

నీ ప్రశ్న మీద కూడా మొదటి ఓటింగ్ జరిగింది. చర్చ అవసరం లేదని తీర్మానించాం. సభలో నేనొక్కదాన్నే ఉన్నాను కనుక ఏకగ్రీవం.

విద్య


శాంటా క్లారా
ఏప్రిల్ 15

విద్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తా. శశికి కూడా తెలియదు.

2017లో ఇక్కడే పాత కంపెనీలో ఉన్నప్పుడు, ఒక అప్‌డేట్ పరీక్షించకుండా పంపాను. క్లినిక్‌ల అపాయింట్‌మెంట్లన్నీ ఆరుగంటలు ఆగిపోయినయి. మా డైరెక్టర్ వచ్చి "చైతన్య చేశాడా ఇది?" అని అడిగాడు. చైతన్య నా పక్క సీటు. బాగా పనిచేసేవాడు, కానీ అంతకుముందు నెలలోనే ఒక తప్పు చేసి ఉన్నాడు. నేను "చూడాలి" అన్నాను.

ఆ ఒక్క మాటే. నేను అబద్ధం చెప్పలేదే విద్యా. చూడాలి అన్నాను. చూడలేదు. రెండు వారాల్లో చైతన్యను తీసేశారు, ఉద్యోగం పోతే వీసా ఇచ్చే అరవై రోజుల్లో ఇంకోటి దొరక్క ఇండియా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా డెస్క్ దగ్గరికి వచ్చి తన మొక్క నాకిచ్చి పోయాడు. నేను దాన్ని ఇంటికి తెచ్చుకోలేక కింద లాబీలో వదిలేసినా.

కిందటేడు నా ఉద్యోగం పోయినప్పుడు నీ బొటనవేలు చూసి అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే, కోపం నీ మీద కాదేమో. బాగైంది అని ఎవరో అన్నట్టు అనిపించింది.

నేను నీకంటే మంచిదాన్నని అడగటం లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఎట్ల ఉంటుందో తెలుసు కాబట్టి అడుగుతున్నా. ఎవరి పేరు చెప్పావ్?

మనీషా


ఇర్వింగ్
మే 4

మనీషా,

కోటేశ్వరరావు గారి పేరు.

ఫిబ్రవరి పదకొండున ఆయన సిస్టమ్‌లో ఒక నోట్ పెట్టారు. అందరూ పార్టీ జాబితాల నుంచి రారు, ఇరవై ఏడుగురు వేరే దారుల్లో వస్తారు, ఈ గడి తప్పనిసరి చేయకూడదు అని, అధికరణాల నంబర్లతో సహా. ఆయన నోట్లు పేజీ పొడుగుంటాయి. నేను మొదటి లైన్ చూసి "ఇది బగ్ కాదు" అని రాసి మూసేశాను. నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. లీడ్‌నైనందుకు అంత వేగంగా నిర్ణయాలు తీసుకుంటున్నానని మురిసిపోయాను కూడా.

డెమో తర్వాత రాజ్ నన్ను, ఆయన్ని గదిలో కూర్చోబెట్టి "టెస్టింగ్‌లో ఇది మిస్ అయిందా?" అన్నాడు. కోటేశ్వరరావు గారు నావైపు చూశారు. నేను "అయినట్టే ఉంది" అన్నాను. తన నోట్ మూసేసిన సంగతి నాకు గుర్తులేదేమో అనుకుని ఆయన ఊరుకున్నారట. బయటికి వచ్చాక నేను చేసిన పని నీక్కూడా చెప్పకూడదనుకున్నాను. ఆ నోట్‌ని వెతికి, ఎవరికీ కనిపించకుండా పాత ఫైళ్ళలోకి తోసేశాను.

మే ముప్ఫై ఒకటితో ఆయన కాంట్రాక్ట్ అయిపోతుంది. రెన్యూ చేయడం లేదని రాజ్ ఏప్రిల్ మొదట్లోనే చెప్పాడు. నువ్వు "ఎవరి మీద సర్దావ్" అని రాసినప్పుడు నేను వానల గురించి రాసింది అందుకే.

నీ చైతన్య ఉత్తరం చదివి తొమ్మిది రోజులు ఏమీ చేయలేదు. వీరవనితలా వెంటనే లేచానని నీకు రాయాలనుంది, కానీ ఆ తొమ్మిది రోజుల్లో నేను చేసిందల్లా కంపెనీ నా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఎప్పుడు చేస్తుందో లాయర్‌ని రెండుసార్లు అడగడం. పదో రోజు ఆ నోట్‌ని మళ్ళీ బయటికి తీసి, ప్రింట్ చేసి, రాజ్ టేబుల్ మీద పెట్టాను.

చదివాడు. తేదీ చూశాడు. మూసింది ఎవరో చూశాడు.

"విడియా, నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు," అన్నాడు.

"తెలుసు."

"నీ ఫైలింగ్ ఈ క్వార్టర్‌లో ఉంది."

"అదీ తెలుసు."

"మరి ఎందుకు చెప్తున్నావ్?" నిజంగానే అర్థంకాక అడిగాడు.

గొప్ప మాట ఒక్కటీ రాలేదు. "ఆయన సరిగ్గానే రాశారు కాబట్టి," అన్నాను.

తర్వాత కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. బ్రేక్ రూమ్‌లో పెరుగన్నం తింటున్నారు. అంతా చెప్పాను, దాచిన సంగతితో సహా. నిజం చెప్పేస్తే ఆయన "పర్లేదమ్మా" అంటారని, నా కళ్ళు చెమరుస్తాయని ఊహించుకుని టిష్యూ కూడా తీసుకెళ్ళాను. నా సంగతి నీకు తెలుసుగా.

ఆయన స్పూన్ పక్కన పెట్టారు.

"మీరు నోట్ మూసేసిన రోజు నాకు కోపం రాలేదమ్మా. పనుల్లో ఉంటారు. గదిలో నా తప్పన్నట్టు చెప్పిన రోజు కూడా రాలేదు. గుర్తులేదేమో అనుకున్నాను." గిన్నె తనవైపు లాక్కున్నారు. "ఇవాళ వస్తోంది. దయచేసి వెళ్ళండి. నేను అన్నం తినాలి."

వెళ్ళాను. టిష్యూ జేబులోనే ఉంది.

విద్య


శాంటా క్లారా
మే 14

విద్యా,

నీ ఉత్తరం చదివిన రోజే పాత కొలీగ్స్‌ని అడిగి చైతన్య నంబర్ సంపాదించిన. పుణెలో ఉంటున్నాడు. ఇక్కడ సాయంత్రం, అక్కడ పొద్దున, ఆఫీసుకు పోయే టైమ్. ఫోన్ చేసిన. పేరు చెప్తే గుర్తుపట్టాడు. ముందే కాయితం మీద రాసుకున్నదంతా చదివినట్టు చెప్పేశాను.

అంతా విన్నాడు.

"నాకు తెలుసు మనీషా గారూ," అన్నాడు. "అప్‌డేట్ ఎవరు పంపారో ఆ రోజు లాగ్స్‌లో నేనూ చూశాను."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నా.

"మీరు చెప్తారేమోనని రెండు వారాలు ఎదురుచూశాను," అన్నాడు. తర్వాత, ట్రాఫిక్‌లో ఉన్నాను, పెట్టేస్తానన్నాడు.

అంతేనే. తిట్టలేదు, క్షమించలేదు. ఫోన్ పెట్టాక గ్యారేజ్‌లోకి పోయి కారులో కూర్చొని ఏడ్చిన. తర్వాత శశికి చెప్పాను. ఏమంటాడో అనుకున్నా. "నంబర్ ఉంచుకో," అన్నాడు.

ఆ పెద్దాయన సంగతి ఏమైందో రాయి. నీ సంగతి కూడా.

మనీషా


ఇర్వింగ్
జూన్ 15

మనీషా,

ఏమైందో వరసగా చెప్తాను, ఈసారి ఏదీ పొట్టిగా చేయను.

రాజ్ ఆ నోట్‌ని మదామ్ క్లెమాంటీన్‌కి పంపాడు. ఆవిడ మరునాడే ఆఫీసుకు వచ్చి "ఇది రాసిన మనిషి ఎవరు?" అని అడిగి, కోటేశ్వరరావు గారితో రెండు గంటలు కూర్చున్నారు. గాజు గోడ అవతల ఇద్దరూ ఆ స్పైరల్ పుస్తకం మీదికి వంగి వాదించుకోవడం అందరం చూశాం. ఒకచోట ఆవిడ పెద్దగా నవ్వారు. ఆయన నవ్వడం కూడా అదే మొదటిసారి చూశాను. ఆ సంస్థ వాళ్ళు అడిగి మరీ ఆయన కాంట్రాక్ట్ పొడిగించారు, ఏడాదికి. ఇప్పుడు రువాండాకి లీడ్ ఆయన.

నేను ఆయన టీమ్‌లో ఉన్నాను. నా ఫైలింగ్‌ని వచ్చే ఏడాదికి తోశారు. "నీ మీద నమ్మకం పోయిందని కాదు," అన్నాడు రాజ్. అంటే పోయిందనే. మా అమ్మతో మాత్రం "ప్రాజెక్ట్ మారింది" అని చెప్పాను. అందరికీ అన్నీ చెప్పేంత గొప్పదాన్నయిపోలేదు ఇంకా.

సైట్‌లో ఇప్పుడు ఎనభై చుక్కలున్నాయి. ఇప్పుడు ఎగువసభ పని నాది. ఇరవై ఆరుగురు సెనేటర్లు, విశ్వవిద్యాలయాల నుంచి ఇద్దరు అధ్యాపకులతో సహా. ఒక్కొక్కరి వివరాలూ నేనే నింపుతున్నాను, కోటేశ్వరరావు గారు చూసి సరిచేస్తారు. ఆరుసార్లు వెనక్కి పంపారు. ఆరుసార్లూ తప్పు నాదే. పని గురించి తప్ప ఒక్క మాట మాట్లాడరు. నేను "గుడ్ మార్నింగ్ అండీ" అంటే తల ఊపుతారు. నాకు అదే ఎక్కువ.

మొన్న శుక్రవారం సాయంత్రం పార్కింగ్ లాట్‌లో ఆయన ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. కారు స్టార్ట్ అవ్వక రిపేర్ షాపుకు టో చేయించారట, క్యాబ్ ఇంకా రావట్లేదు. ఎండ మండిపోతోంది. నేను కారు ఆపి కిటికీ దించాను. ఆయన నన్ను చూశారు, ఫోన్ చూశారు, మళ్ళీ ఎండను చూశారు. ఎక్కి కూర్చున్నారు.

నలభై నిమిషాల డ్రైవ్. నేను ఏసీ పెంచాను, తగ్గించాను, రేడియో పెట్టాను, ఆపేశాను. ఆయన బయటికే చూస్తున్నారు. నోరు తెరిస్తే క్షమాపణ తప్ప ఇంకేం రాదని నాకు తెలుసు, ఆయనకు అది అక్కర్లేదనీ తెలుసు. అందుకని జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని ఒకరిని ఇంటికి చేర్చాను.

అపార్ట్‌మెంట్ గేట్ దగ్గర దిగి, తలుపు వేయబోయి ఆగారు.

"కారు మంగళవారం దాకా ఇవ్వరట," అన్నారు. "సోమవారం పొద్దున... మీకు దారే అయితే."

నాకు దారి కాదు. పూర్తిగా ఎదురుదిక్కు. "దారేనండీ" అని మూడుసార్లు చెప్పాను. ఒకసారి చెబితే సరిపోయేది.

రేపే ఆ సోమవారం. ఏడున్నరకి అక్కడుండాలి. ఏడింటికే వెళ్ళి వీధి చివర ఆగుదామనుకుంటున్నాను. ముందే వచ్చానని ఆయనకు తెలియకూడదు.

నీ
విద్య